ఉప్పుగాలిలో ఇల్లు కట్టుకునేవారికి

సఖినేటిపల్లి, అంతర్వేది పక్క ఇల్లు కట్టే రైతు ముందుగా చూసుకోవాల్సింది నీరు. ఉప్పగా ఉన్న బోరు నీటితో శ్లాబు వేయించకండి. ఇనుము వేసే కాంక్రీటుకు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐ.ఎస్. 456 నియమం. ఉప్పు లోపలికి చేరితే ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు రాలతాయి. శ్లాబు తడపడానికీ మంచినీరే వాడాలి. సముద్రపు ఇసుక ఊరకే వస్తోంది గదా అని తోలించుకుంటే చేటు కొనితెచ్చుకున్నట్లే.

మన తాతలు మండువా లోగిళ్లు ఊరికే కట్టలేదు. వేడిగాలి నడిమి మండువాలోంచి పైకి పోతుంటే, కిటికీల్లోంచి చల్లగాలి లోనికొస్తుంది. అంత ఇల్లు కట్టే స్తోమత ఇప్పుడు ఎందరికుంది? రెండు గదులకైనా ఎదురెదురు కిటికీలు పెట్టించి, పైన బెంగళూరు పెంకు వేయించుకోవచ్చు.

అయితే 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవారికి పెంకుటిల్లంటే భయమే. పెంకు కన్నా వాలు, కట్టు ముఖ్యం. కప్పు నాలుగు వాలులుగా, 22 నుంచి 30 డిగ్రీల ఏటవాలుతో ఉంటే గాలిని బాగా తట్టుకుంటుంది. చూరు అడుగున్నరకు మించి బయటికి రానీయకండి. వాసాలను దూలాలకు, దూలాలను గోడకు ఇనుప పట్టీలతో బిగించాలి, ఒట్టి మేకులు చాలవు. వరండా కప్పు విడిగా వేయిస్తే, గాలి దాన్ని లేపుకుపోయినా ఇంటి కప్పు నిలుస్తుంది.

వాసాలకు ముదురు కొబ్బరి పనికొస్తుంది. మొదలు భాగంలో చేవంతా బయటి పక్కనే ఉంటుంది, నడిమి మెత్తన తీసేయాలి. ఇంటిమీదికి ఒరిగిన చెట్టుంటే దాన్నే ముందు కొట్టించండి.