ఫుట్‌బాలు సాధన – రెండు పద్ధతులు

మన ఇబ్రహీంపట్నమునకు చేరువనున్న హైదరాబాదునందు ఉపాధ్యాయులుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీముగారి శిక్షణలో భారతజట్టు 1951, 1962 సంవత్సరములలో ఆసియా క్రీడల స్వర్ణపతకమును గెలిచెను. ఒక్కడే బంతిని నడిపించుకొని పోరాదను నియమముతోను, బలహీనమైన కాలితోనే తన్నవలెనను నియమముతోను వారు పోటీలు నడపిరి.

మేము ఆ రెంటిని సాధనగా నిట్లు మార్చుకొంటిమి. నలుగురు బాలురు పది గజముల చతురస్రపు మూలల నిలువవలెను. అయిదవవాడు నడుమ నుండి బంతిని అడ్డగింపవలెను. ఎవ్వడును రెండుమార్లకు మించి తాకక తోటివానికి బంతి నందింపవలెను. పది నిమిషములు అలవాటైన కాలితోను, పది నిమిషములు రెండవ కాలితోను ఆడవలెను.

నేర్పరియైన బాలుడు మొదట విసుగుకొనును. కాని బంతి యెన్నడును అందని పిల్లవాడు ఆ దినముననే ఆడ నేర్చును. పౌలు భక్తుడు సంఘమును దేహముతో పోల్చిన మాట మైదానమునను సత్యమే.