ముందు చెవి, తర్వాతే మెదడు

చిరంజీవి సుజాతకు,

అలా రాయకు. గ్రాఫులో పీ300 అల (అరుదుగా వచ్చే మోతను గుర్తుపట్టినప్పుడు మెదడులో లేచేది) కనబడలేదని ఆ మామ్మగారి రిపోర్టులో “మెదడు స్పందించడం లేదు” అని రాసెయ్యడానికి తొందరేమిటమ్మా? నువ్వు మెదడు దగ్గర మొదలుపెట్టావు, మొదలుపెట్టాల్సింది చెవి దగ్గర. గుబిలి ఉందేమో చూశావా? ఆడియోగ్రామ్ తీశావా? వయసు మీదపడితే ముందు తగ్గేది పైస్థాయి శబ్దాల వినికిడే. నువ్వు పెట్టిన 1000, 2000 హెర్ట్జ్ మోతల్లో రెండోది ఆవిడకు అందకపోతే, ఆవిడ విన్నది మొదటినుంచీ ఒకే మోత. మార్పే లేనప్పుడు మెదడు దేనికి ఉలిక్కిపడాలి? పైగా అరుదుగా వచ్చే మోతను లెక్కపెట్టమన్నావు. మతిమరుపున్న మనిషి ఆ మాటే మరిచిపోతే అల చిన్నదైపోతుంది. అది చెవిటితనమూ కాదు, మెదడు మూగబోవడమూ కాదు.

అందుకే మిస్‌మ్యాచ్ నెగటివిటీ తియ్యమంటాను. 1978లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటనెన్ బృందం దాన్ని చూపించింది. ఆవిడ మాటల్లేని బొమ్మలు చూస్తూ కూర్చున్నా చాలు, వరస తప్పిన శబ్దానికి 100–250 మిల్లీసెకన్లలో మెదడు తనంతట తనే స్పందిస్తుంది. కొద్ది మైక్రోవోల్టుల అల అది. వందలసార్లు వినిపించి సగటు కడితేగాని తేలదు. దవడ బిగిస్తే ఆ కండరం కరెంటే దాన్ని మింగేస్తుంది, కాబట్టి తాంబూలం నములుతూ కూర్చోనివ్వకు. బీప్‌లకు తోడు “పల”, “పాల” కూడా వినిపించు. 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎస్టోనియన్లకు తమ భాషలోని అచ్చుకు పెద్ద అల వచ్చింది, ఆ అచ్చు లేని ఫిన్‌లకు చిన్నదే వచ్చింది. పుట్టినప్పటినుంచీ విన్న హ్రస్వదీర్ఘాల తేడాను ఈవిడ మెదడు ఇంకా పట్టుకుంటోందా అన్నది అడగదగ్గ ప్రశ్న.

కాగితం పరీక్షలు చాలవా అంటావేమో. కలం పట్టని కోనసీమ కూలి మనిషిని గడియారం గీయమంటే గీయలేకపోవచ్చు, అది జబ్బు కాదు. 2013లో హైదరాబాద్ నిమ్స్ నుంచి సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల మీద అధ్యయనం ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువురానివాళ్ళలోనూ ఆ ఆలస్యం కనబడింది. అక్షరం రాని తలలోనూ భాష అంత పనిచేస్తుంది. ఆ పనిని అక్షరాలతో నిమిత్తం లేకుండా శబ్దంతోనే చూడొచ్చు.

అయితే ఈ అలలతో జబ్బు తేల్చొచ్చా? తేల్చలేం. డిమెన్షియాలో పీ300 ఆలస్యమవుతుందని 1978లోనే తెలిసింది, కానీ ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లోనూ అది వయసుతో వెనక్కి జరుగుతుంది. రెండు గుంపుల అంకెలూ కలిసిపోతాయి. అందుకని ఈవిడను పక్క మంచం మనిషితో పోల్చకు. ఆరు నెలలాగి, అదే గదిలో, అదే మోతలతో, ఈవిడను ఈవిడతోనే పోల్చు.

ముందు ఈఎన్‌టీ డాక్టరుగారి చేత గుబిలి తీయించి, ఈసారి 500, 1000 పెట్టి, ఆ కొత్త గ్రాఫు నాకు పంపు.

ఆశీస్సులతో,
మావయ్య