ఇంగ్లీషులో ‘బ్లేమ్’ వాడటం ఎలా?

జరిగిన చెడుకు ఫలానావాళ్లే కారణం అనడానికి ఇంగ్లీషులో వాడే మాట ‘బ్లేమ్’. అర్థం దగ్గర ఎవరూ తడబడరు. చిక్కంతా దాని వెంట వచ్చే చిన్న మాటలతోనే. ఒక్క సంగతి తీసుకుని, వాక్యాన్ని మెల్లగా కడదాం.

కావలసినవి

నోటుబుక్కు, పెన్ను చాలు. సంగతి ఇది: బస్సు ఆలస్యమైంది, అందరూ డ్రైవరును తప్పుపడుతున్నారు. ముందు రెండు ముక్కలు విడిగా రాసుకుందాం. ఎవరిని? ‘ది డ్రైవర్’. దేనికి? ‘ది డిలే’. ఈ రెండూ తేల్చుకోకుండా వాక్యం మొదలుపెట్టకండి.

పద్ధతి

1. మనిషిని ‘బ్లేమ్’ పక్కనే పెడదాం: ‘దే బ్లేమ్డ్ ది డ్రైవర్’. మధ్యలో ఏమీ రాదు. ఇక్కడ ఆపినా వాక్యం పూర్తయినట్టే.

2. ఇప్పుడు ‘ఫర్’ పెట్టి జరిగింది చేరుద్దాం: ‘దే బ్లేమ్డ్ ది డ్రైవర్ ఫర్ ది డిలే’. చేసిన పని చెప్పాలంటే క్రియకు ‘ఇంగ్’ తగిలించాలి: ‘ఫర్ స్టార్టింగ్ లేట్’.

3. ఇదే వాక్యాన్ని తిరగేద్దాం. జరిగింది ముందుకొస్తే మనిషికి ముందు ‘ఆన్’ వస్తుంది: ‘దే బ్లేమ్డ్ ది డిలే ఆన్ ది డ్రైవర్’. అర్థం మారలేదు. రెండు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి రాసి, పైకి చదవండి. ‘ఫర్’ తర్వాత జరిగిన సంగతి, ‘ఆన్’ తర్వాత తప్పు మోసేవాళ్లు. ఇది నోటికి పట్టేదాకా ముందుకు వెళ్లొద్దు.

4. ‘ది డ్రైవర్ ఈజ్ టు బ్లేమ్’ అంటే తప్పు డ్రైవరుదే అని. డ్రైవరు ఇంకెవరినో నిందించాలి అని కాదు, జాగ్రత్త. ‘ఐ యామ్ టు బ్లేమ్’ అంటే తప్పు నాదే.

5. ‘ఐ డోంట్ బ్లేమ్ యూ’ కూడా నేర్చుకుందాం. నీ స్థానంలో ఎవరున్నా అలాగే చేసేవారు, నిన్ను తప్పుపట్టను అని ధైర్యం చెప్పే మాట ఇది. ఎవరైనా మీతో అంటే నొచ్చుకోకండి.

పొరపాట్లు

మనవాళ్లు ఎక్కువగా చేసేది ‘హీ బ్లేమ్డ్ ఆన్ మీ’. తెలుగులో నింద ఒకరి మీద వేస్తాం కదా, ఆ ‘మీద’ ఇంగ్లీషులోకీ వచ్చేస్తుంది. ‘హీ బ్లేమ్డ్ మీ’ అనండి, లేదా ‘ఇట్’ చేర్చి ‘హీ బ్లేమ్డ్ ఇట్ ఆన్ మీ’ అనండి.

‘బ్లేమ్డ్ మీ దట్ ఐ వాజ్ లేట్’ అనీ రాయకూడదు. ‘ఫర్ బీయింగ్ లేట్’ సరైనది.

‘అక్యూజ్’తో కలిపేసుకోవద్దు. దాని వెంట ‘ఆఫ్’ వస్తుంది: ‘దే అక్యూజ్డ్ హిమ్ ఆఫ్ లైయింగ్’. అది ఆరోపణ, చేశాడో లేదో ఇంకా తేలకపోవచ్చు. బస్సు ఆలస్యానికి వానను ‘బ్లేమ్’ చేయొచ్చు గానీ ‘అక్యూజ్’ చేయలేం. ఆఫీసు ఉత్తరంలో ‘అక్యూజ్’ చాలా బరువైన మాట. పంపే ముందు మరోసారి చూసుకోండి.