ఒక్క రిపోర్టుతో తేల్చేయకూడదు

ప్రశ్న: నాలుగో నెలలో రెండుసార్లు గర్భం పోయింది. అమీర్‌పేట ల్యాబ్‌లో కార్డియోలిపిన్ యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. జీవితాంతం మందులేనా?
– ఒక సోదరి, పంజాగుట్ట

జవాబు: అప్పుడే బెంగ వద్దమ్మా. ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గాక కూడా ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపిస్తాయి. కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చేయించాలి. అప్పుడూ ఉంటేనే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటాం. పాజిటివ్ అన్న మాట కాదు, పక్కనున్న అంకె చూడండి: 40 యూనిట్లలోపైతే నేను పెద్దగా పట్టించుకోను. ఈసారి బీటా-2 గ్లైకోప్రొటీన్, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్షలూ కలపండి. హెపారిన్, వార్ఫరిన్ వాడుతుంటే రక్తం ఇచ్చేముందే చెప్పాలి, లేదంటే చివరి పరీక్ష తప్పుదోవ పట్టిస్తుంది. పాత రిపోర్టులన్నీ తీసుకుని మీకు దగ్గరే ఉన్న నిమ్స్‌లో రుమటాలజీ వైద్యులకు చూపించండి. ఈలోగా గర్భం నిలిస్తే 12 వారాలు ఆగకుండా వెంటనే వెళ్లండి. ఆస్పిరిన్, హెపారిన్ మొదట్లోనే మొదలుపెట్టాల్సి రావచ్చు.