ఈత కొలనుకు కూడా వాగు కావాలి



ఈ నెల గోడపత్రికకు ఆరోగ్యం మీద పాఠం రాయమన్నారు. నేను పబ్లిక్ ఈత కొలనుల గురించి రాస్తున్నాను. మనకెందుకే ఆ సంగతి అని మా రూములో కొందరు నవ్వారు. మనకే ఎక్కువ కావాలి. ఊర్లో ఉన్నప్పుడు మనకు వాగు ఉంది. సైనిక్‌పురిలో వాగు లేదు. కాప్రా చెరువు దగ్గరే గానీ, చుట్టూ కాలనీలు ఉన్న చెరువులో దిగి ఈత నేర్చుకోలేము కదా. నగరంలో ఈత నేర్చుకోవాలంటే కొలనే గతి. అంబర్‌పేట, విజయనగర్ కాలనీ వంటి చోట్ల కార్పొరేషన్ వారు కట్టించినవి ఉన్నాయి.

పోయినేడు వేసవిలో మన హాస్టల్ నుండి ముప్పై మందిమి ఒక కొలనుకు పోయినం. దాని పేరు రాయను. నీళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయి. అడుగు కనిపించలేదు. ఆరో తరగతి చెల్లె ఒకతి లోతు వైపు జారి మునిగిపోయింది. పైనుంచి చూస్తే ఎవరికీ కనపడలేదు. పక్కనే ఉన్న అక్క కాలికి చెయ్యి తగిలితే జుట్టు పట్టి లేపింది. చెల్లె బాగానే ఉంది. కానీ ఆ రోజు నుండి మనకు ఈత బంద్ అయింది. పంపకపోవడానికి కారణం ఉంది, కాదనను. అయితే ఈత రాని పిల్ల సెలవుల్లో ఊరికి పోయి వాగులో దిగదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు. కాబట్టి ఈత మానడం కన్నా, ఏ కొలను మంచిదో చూసి పోవడం మేలు అని నా అభిప్రాయం. ఎట్లా చూడాలో ఇప్పుడు చెప్తాను.

మా ఊరు చర్ల దగ్గర. మాది తాలిపేరు వాగు. మా అమ్మ పారే నీళ్ళ దగ్గరే బిందె ముంచుతుంది, మడుగు దగ్గర ముంచదు. అమ్మ బడికి పోలేదు గానీ ఇది తెలుసు. ఈత కొలను అంటే నగరం మధ్యలో ఉన్న మడుగు. మోటారు పెట్టి దాన్ని వాగులాగా పారించాలి. నీళ్ళు కొలను నుండి పైపులో పోయి, ఇసుక ఫిల్టర్లో వడపోసుకుని, మందు కలుపుకుని మళ్ళీ కొలనులోకి రావాలి. ఆరు గంటలకు ఒకసారి నీళ్ళన్నీ ఇట్లా తిరగాలని ఒక లెక్క. కరెంటు బిల్లు ఎక్కువని మోటారు ఆపేస్తే అది మళ్ళీ మడుగే. ఇసుకలో మురికి నిండినప్పుడు నీళ్ళను ఎదురు దిక్కుగా పంపి కడగాలి. అది కడగకపోతే మోటారు తిరిగినా లాభం లేదు.

ఇది కొత్త తెలివి ఏమీ కాదు. సాంఘిక శాస్త్రంలో మొహెంజొదారో మహా స్నానవాటిక చదివాము. పొడవు 12 మీటర్లు, వెడల్పు 7, లోతు సుమారు 2.4. నీరు ఇంకకుండా తారు పూత వేశారు. నీళ్ళు రావడానికి పక్కన బావి, పోవడానికి కాలువ. వచ్చే దారితో పాటు పోయే దారి కూడా కట్టారు, నాలుగు వేల ఏండ్ల కిందటే. పరీక్షకు కొలతలు బట్టీ పట్టాము గానీ నేను కాలువ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

ఇక మందు. మన ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడర్ అందరికీ తెలుసు. దానిలోని క్లోరిన్ క్రిములను చంపుతుంది. లెక్క చేద్దాం. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న కొలనులో 300 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. అనగా 3 లక్షల లీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పిన ప్రకారం లీటరు నీటిలో క్లోరిన్ 1 మిల్లీగ్రాము దగ్గర ఉంటే మామూలుగా చాలు, 3 దాటకూడదు. 1 మిల్లీగ్రాము చొప్పున 300 గ్రాముల క్లోరిన్ అవుతుంది. కొత్త బ్లీచింగ్ పౌడర్లో క్లోరిన్ మూడో వంతు మాత్రమే, కాబట్టి 900 గ్రాముల పొడి కావాలి. మూట విప్పి తేమలో పెడితే బలం పోతుంది. ఎండకు కూడా క్లోరిన్ త్వరగా తగ్గుతుంది. అందుకే పొద్దున ఒకసారి వేసి ఊరుకుంటే సాయంత్రం పోయేవాళ్ళకు ఏమీ మిగలదు. రోజులో రెండు మూడు సార్లు పరీక్షించి వేయాలి, అది కూడా మనుషులు నీళ్ళలో లేనప్పుడు.

క్లోరిన్ ఒక్కటే చాలదు. పీహెచ్ 7.2 నుండి 7.8 లోపల ఉండాలి. ఎక్కువైతే క్లోరిన్ సరిగా పని చేయదు. మన కన్నీళ్ళ పీహెచ్ 7.4 దగ్గర ఉంటుంది. కొలను నీళ్ళు దానికి దూరమైతే కళ్ళు మండుతాయి.

ఇంకో సంగతి విని నాకే ఆశ్చర్యమైంది. కొలను దగ్గర ఘాటు వాసన వస్తే మందు బాగా వేశారని అనుకుంటాము. నిజానికి చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు అనే పదార్థాలు అవుతాయి. ఆ ఘాటు వాసన, కళ్ళ మంట ఎక్కువగా వాటివల్లే. తప్పు కొలను వాళ్ళది ఒక్కరిదే కాదన్నమాట! దిగే ముందు సబ్బుతో స్నానం చేయాలి, మూత్రానికి పోయి రావాలి. విరేచనాలు అవుతున్నవాళ్ళు అసలు దిగకూడదు. క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి క్లోరిన్ నీళ్ళలో కూడా రోజుల తరబడి బతుకుతుంది.

నూలు బట్టలతో దిగనీయరు, రంగు దిగుతుంది, దారాలు ఫిల్టర్లో చిక్కుతాయి అని. అది నిజమే. కానీ ఈత బట్టలు కొనే డబ్బు మన దగ్గర ఎక్కడిది? మోకాళ్ళ కింది దాకా ఉండే నైలాన్ బట్టలు కొలను దగ్గరే అద్దెకు ఇస్తే సిగ్గుపడే పిల్లలు కూడా వస్తారు.

జడల సంగతి మరచిపోకండి. అడుగున నీళ్ళు లాగే రంధ్రం మీద జల్లెడ మూత ఉంటుంది. అది పగిలినా ఊడినా జుట్టును, ఒంటిని లాగి పట్టేస్తుంది. అమెరికాలో 2002లో ఏడేళ్ళ పాప వేడినీళ్ళ తొట్టిలో అట్లా చిక్కి చనిపోయింది. వాళ్ళమ్మ ఊరుకోలేదు, అందరినీ అడిగి తిరిగింది. 2007లో ఆ పాప పేరు మీదే అక్కడ మూతల గురించి చట్టం వచ్చింది. మనం మాత్రం జడ ముడి వేసి టోపీ పెట్టుకోవాలి.

మన నగరంలో 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగాయి. గచ్చిబౌలిలో పెద్ద ఈత కొలనులు కట్టారు. 50 మీటర్ల కొలను 25 వెడల్పు, 2 లోతు అనుకుంటే 25 లక్షల లీటర్లు. కట్టిన రోజు రిబ్బను కత్తిరించడానికి అందరూ వస్తారు. ఏ కొలనుకైనా ఆ తర్వాత రోజూ ఇసుక కడిగే మనిషికి జీతం ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. టికెట్ డబ్బులతో అంతా వెళ్ళదు. టికెట్ పెంచితే మనలాంటి వాళ్ళు రారు. కాబట్టి బడ్జెట్‌లో కట్టడానికి వేరే, నడపడానికి వేరే డబ్బు రాయాలి. గేటు దగ్గర నల్లబల్ల మీద ఆ రోజు క్లోరిన్ ఎంత, పీహెచ్ ఎంత, ఫిల్టర్ ఎప్పుడు కడిగారు అని తేదీ వేసి రాయాలి. రాస్తే మనం అడగగలం. రాయకపోతే నీలం టైల్స్ చూసి మోసపోతాము.

వార్డెన్ మేడమ్ గారూ, ఈ వేసవిలో మమ్మల్ని పంపే ముందు ఒకరు పోయి చూసి రావాలి. లోతు చోట జల్లెడ మూత గీతలు ఒడ్డు నుంచి స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే పిల్ల మునిగినా కనపడదు, ఆ రోజు ఎవరూ దిగకూడదు. కాపలా ఉండే ఈతగాడు సెల్‌ఫోన్ చూడకుండా నిలబడి ఉన్నాడా, పొడవు కర్ర, గాలి ట్యూబు ఉన్నాయా, లోతు అంకెలు చెరిగిపోకుండా ఉన్నాయా అని కూడా చూడాలి. ల్యాబ్‌లోని పీహెచ్ కాగితం నాలుగు ముక్కలు ఇస్తానని సైన్స్ మేడమ్ ఒప్పుకున్నారు. క్లోరిన్ పరీక్ష సామాను ట్యాంకు నీళ్ళకు ఎట్లాగూ కావాలి, అది హాస్టల్ ఖర్చులో తెప్పించండి. ఆదివారం పీఈటీ మేడమ్‌తో పాటు పోయి చూసి రావడానికి నేను, పదో తరగతి అక్క ఒకరు సిద్ధంగా ఉన్నాము.