గ్వాంగ్‌ఝౌ టికెట్టు: దూరం, ధర, నష్టభయం

బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు)

హైదరాబాదు నుంచి దక్షిణ చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరానికి ఎంత దూరం? గోడమీది పటానికి స్కేలు పెట్టి కొలిస్తే తప్పు వస్తుంది. భూమి గుండ్రంగా ఉంది గనుక గోళం మీద దారం బిగించి కొలవాలి. దీన్నే మహావృత్త దూరం అంటారు. రెండు ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే గోళీయ త్రికోణమితిలోని ఒక్క సూత్రంతో లెక్క తేలిపోతుంది. నేను వేసి చూస్తే సుమారు 3,690 కిలోమీటర్లు వచ్చింది. ఇక ఆ దూరానికి టికెట్టు ఎంత? దీనికి మాత్రం ఏ సూత్రమూ లేదు. ఈ వేళ ఒక ధర, రేపు మరొకటి. పక్కపక్క సీట్లలో కూచున్న ఇద్దరు ఒకే డబ్బు ఇచ్చి ఉంటారన్న నమ్మకం లేదు. ఈ విచిత్రం వెనక ఉన్న గణితాన్ని, దాన్ని తెలుసుకుని మనబోటివాళ్ళు తక్కువలో ఎలా వెళ్ళవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్వాంగ్‌ఝౌ పేరు కొత్తగా వినిపించవచ్చు గానీ, పాత భూగోళ పుస్తకాల్లో మనం చదివిన కాంటన్ ఇదే. ముత్యాల నది ఒడ్డున ఉన్న రేవుపట్నం. అక్కడి విమానాశ్రయానికి ఇప్పటికీ సంకేతం సి.ఎ.ఎన్. అనే మూడక్షరాలు, పాత పేరుకి గుర్తుగా. మన తెలుగు జిల్లాల నుంచి చైనాకు వైద్యవిద్య కోసం వెళ్ళేవాళ్ళు ఉన్నారు, సరుకు కొనుగోలుకి వెళ్ళే వ్యాపారులూ ఉన్నారు. 2020లో కరోనా వచ్చి దారులు మూసుకుపోయాక, సెలవులకు ఇంటికొచ్చిన విద్యార్థులు తిరిగి వీసాల కోసం 2022 ఆగస్టు దాకా ఎదురుచూడవలసి వచ్చింది. ఆగిపోయిన నేరు విమానాలు మరీ ఆలస్యంగా, 2025 అక్టోబరు 26న కలకత్తా - గ్వాంగ్‌ఝౌ ఇండిగో విమానంతో మళ్ళీ మొదలయ్యాయి. నవంబరులో ఢిల్లీ నుంచి కూడా నడిచాయి.

మాటవరసకు టికెట్టు 32,000 రూపాయలనుకుందాం. 2025-26లో సాధారణ రకం వరికి ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 2,369. అంటే ఒక మనిషి ఒక్కసారి వెళ్ళడానికి పదమూడున్నర క్వింటాళ్ళ ధాన్యం. మా ఇంట్లో ఏ ఖర్చునైనా ఇలాగే కొలుస్తారు. ఈ వ్యాసంలో నేనూ అదే కొలమానం వాడుతున్నాను.

దారులు

మొదట దారి లెక్క చూద్దాం. హైదరాబాదు నుంచి కలకత్తా మీదుగా గ్వాంగ్‌ఝౌ వెళితే మొత్తం 3,750 కిలోమీటర్లు. తిన్నగా వెళ్ళినదానికన్నా 60 మాత్రమే ఎక్కువ! కలకత్తా దాదాపు ఆ దారం మీదనే ఉందన్నమాట. బాంకాక్ మీదుగా అయితే 4,130. ఢిల్లీ మీదుగా 4,920. ముందు ఉత్తరానికి పోయి తర్వాత తూర్పుకి తిరగాలి గనుక. సింగపూర్ మీదుగా దాదాపు 5,960, భూమధ్యరేఖ దగ్గరిదాకా దిగి మళ్ళీ పైకెక్కాలి. ఇంధనం మంట దూరాన్ని బట్టి ఉంటుంది కనుక సింగపూర్ దారి అన్నిటికన్నా ఖరీదు కావాలి. కాని సెల్ ఫోనులో వెతికి చూడండి, కొన్ని తేదీలకు ఆ చుట్టుదారే చవగ్గా కనిపిస్తుంది. ఎందుకంటే ధర నిర్ణయించేది దూరం కాదు, ఖాళీ సీటు. మజిలీ ఊరిలో పెద్ద స్థావరం ఉన్న కంపెనీ నాలుగు దిక్కుల జనాన్ని అక్కడికి చేర్చి, మళ్ళీ నాలుగు దిక్కులకూ పంచుతుంది. ఎటూ ఎగరబోయే విమానంలో మిగిలిపోయే సీటుకి ఎంత వచ్చినా దానికి లాభమే.

ఇంకో దారి కూడా ఉంది. హైదరాబాదు నుంచి హాంకాంగుకి విమానం, అక్కడి వెస్ట్ కౌలూన్ స్టేషను నుంచి గ్వాంగ్‌ఝౌ సౌత్‌కి హైస్పీడు రైలు. 2018 సెప్టెంబరు నుంచి ఈ రైలు నడుస్తున్నది; ప్రయాణం గంటకు అటూ ఇటూ. భారతీయులు హాంకాంగులో అడుగుపెట్టడానికి ముందుగా ఆన్‌లైనులో నమోదు చేసుకోవాలి, దానికి రుసుము లేదు. సామాను తక్కువ ఉన్నవాళ్ళకి ఇది మంచి దారి. రెండు పెద్ద పెట్టెలతో వెళ్ళే విద్యార్థికి కాదు.

టమాటా, సీటు

ఇక అసలు విషయం. సీటు అనేది టమాటా వంటి సరుకు. ఆ రోజుకి అమ్ముడుపోకపోతే ఇక దానికి విలువ లేదు. విమానం లేచిన మరుక్షణం ఖాళీ సీటు కుళ్ళిన గంపతో సమానం. కాని ఒక తేడా గమనించండి. మా నాన్నగారు టమాటా మార్కెట్టుకి తోలినప్పుడు పొద్దెక్కేకొద్దీ రేటు పడిపోతుంది. పదకొండు గంటలకి వచ్చినకాడికి ఇచ్చి రావాలి. విమాన కంపెనీ దీనికి పూర్తిగా తలకిందులు. బయలుదేరే రోజు దగ్గరపడేకొద్దీ రేటు పెంచుతుంది. ఇద్దరిదీ పాడైపోయే సరుకే కదా, మరి ఇదెలా సాధ్యం?

రైతుకి తన దగ్గరికి ఆఖరున వచ్చే బేరగాడెవరో తెలియదు. కంపెనీకి తెలుసు. రెండు నెలల ముందు కొనేవాడు విద్యార్థి, యాత్రికుడు. ధర ఎక్కువైతే మానుకుంటాడు. రెండు రోజుల ముందు కొనేవాడు వ్యాపార పని మీద పోయేవాడు, లేదా ఇంట్లో ఆపద వచ్చినవాడు. ఎంతైనా ఇచ్చి వెళతాడు. కాబట్టి వాడి కోసం కొన్ని సీట్లు దాచి ఉంచాలి. ఎన్ని? ఈ ప్రశ్నకి 1972లో బ్రిటిష్ కంపెనీ బి.ఓ.ఎ.సి.లో పనిచేస్తున్న లిటిల్‌వుడ్ అనే ఆయన జవాబు చెప్పాడు. మనం ఇంటర్మీడియట్‌లో చదివిన సంభావ్యత తప్ప అందులో మరేమీ లేదు.

విమానంలో 180 సీట్లు, తక్కువ ధర 18,000, ఎక్కువ ధర 45,000 అనుకోండి. ఆఖరి రోజుల్లో 45,000 ఇచ్చేవాళ్ళు కనీసం 30 మంది రావడానికి సంభావ్యత 0.6, కనీసం 40 మందికి 0.4, కనీసం 50 మందికి 0.2 అనుకుందాం. ముప్పయ్యో సీటు దాచితే రాగల సగటు ఆదాయం 45,000 × 0.6, అంటే 27,000. ఇప్పుడు చేతికొచ్చే 18,000 కన్నా ఎక్కువ, కనుక దాచాలి. యాభయ్యో సీటు దాచితే 45,000 × 0.2, అంటే 9,000 మాత్రమే. దాన్ని ఇప్పుడే అమ్మెయ్యాలి. నలభయ్యో సీటు దగ్గర రెండూ సమానం. అందుచేత 40 దాచి, 140 చవగ్గా అమ్ముతారు. అంతే! అమెరికాలో 1978లో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక ఈ పద్ధతికి ఊపు వచ్చింది. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కంప్యూటర్ల సాయంతో దీన్ని పెద్ద ఎత్తున వాడి, చవక టికెట్ల కంపెనీ అయిన పీపుల్ ఎక్స్‌ప్రెస్‌ని పోటీలో దెబ్బతీసింది.

నిజానికి రెండు ధరలే ఉండవు, పది పన్నెండు ఉంటాయి. ఒక్కో ధరకీ ఒక్కో సొరుగు ఉందనుకోండి. కింది సొరుగు ఖాళీ అయ్యాక పైది తెరుస్తారు. బేరం మందగిస్తే కింది సొరుగు మళ్ళీ తెరవడమూ కద్దు. దీనివల్ల మనకి అక్కరకొచ్చే కిటుకు ఒకటుంది. నలుగురు స్నేహితులు కలిసి ఒకేసారి నాలుగు టికెట్లు వెతికారనుకోండి. కింది సొరుగులో మూడే మిగిలితే, సాధారణంగా కంప్యూటరు నలుగురికీ పై ధరే చూపిస్తుంది. ముందు ఒక్కరికి వెతికి చూసి, ధరలో తేడా కనిపిస్తే ముగ్గురికి ఒకసారి, నాలుగోవారికి ఒకసారి కొనడం మేలు.

ఏ తేదీలు?

సొరుగులు ఎప్పుడు త్వరగా ఖాళీ అవుతాయో తెలియాలంటే చైనా పంచాంగం చూడాలి, మనది కాదు. వాళ్ళ కొత్త సంవత్సరం జనవరి ఆఖరు, ఫిబ్రవరి మధ్య వస్తుంది. మన సంక్రాంతికి బస్సులెలా కిటకిటలాడతాయో అక్కడ దేశం మొత్తం అలాగే కదులుతుంది. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, మే ఆరంభంలో కార్మిక దినోత్సవ సెలవులు. వీటికి తోడు గ్వాంగ్‌ఝౌకి ప్రత్యేకమైనది కాంటన్ ఫెయిర్. 1957 నుంచి జరుగుతున్న ఈ వాణిజ్య ప్రదర్శన ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి రోజుల దాకా, అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి రోజుల దాకా ఉంటుంది. అప్పుడు టికెట్లే కాదు, హోటలు గదులు కూడా ప్రియమే. పని లేనివాళ్ళు ఆ రోజుల్ని తప్పించుకోవాలి.

విద్యార్థులకి ఇంకో చిక్కు ఉంది. అక్కడ తరగతులు సెప్టెంబరు మొదట్లో మొదలవుతాయి. ప్రవేశ పత్రాలు చేతికొచ్చి వీసా అయ్యేసరికి ఆగస్టు వచ్చేస్తుంది. ముందు కొంటే చవక, కాని వీసా లేదు. వీసా వచ్చాక కొంటే పై సొరుగే మిగులుతుంది. నా ఉద్దేశంలో వీసా చేతికి రాకముందు మార్పుకి వీలులేని అతిచవక టికెట్టు కొనడం జూదం. కొంచెం ఎక్కువైనా తేదీ మార్చుకోనిచ్చే టికెట్టు ముందుగా కొనుక్కోవాలి. ఒకవేళ రద్దు చేసుకుంటే, టికెట్టు ఎంత చవకదైనా అందులోని ప్రభుత్వ పన్నులూ విమానాశ్రయ రుసుమూ తిరిగి ఇవ్వాలని మన దేశంలో నిబంధన ఉంది. చాలామంది అడగరు, అడగాలి.

ఒక టికెట్టా, రెండు టికెట్లా?

ఇక్కడ కొంచెం నిదానంగా చదవమని మనవి. బాంకాక్ దాకా ఒక కంపెనీ, అక్కడినుంచి వేరే కంపెనీ, విడివిడిగా కొంటే చాలా చవగ్గా కనిపిస్తుంది. లెక్క వేద్దాం. ఒకే టికెట్టు, 30 కిలోల సామానుతో 32,000. విడి టికెట్లు 12,000, 11,000, మొత్తం 23,000. తొమ్మిది వేలు మిగిలినట్టే ఉంది. కాని చవక కంపెనీల్లో సామానుకి వేరే డబ్బు కట్టాలి, అదీ రెండుసార్లు: 7,000. మజిలీలో తిండీ తిప్పలకి 1,500. మొత్తం 31,500 అయింది. ఇక మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయే అవకాశం ఇరవైలో ఒకటి అనుకుందాం. అప్పటికప్పుడు కొనాల్సిన కొత్త టికెట్టు 20,000. ఇరవయ్యో వంతు వెయ్యి. వెరసి 32,500! మిగులు పోయి ఐదువందలు ఎదురు తగిలింది. (ఈ అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవి, మీ తేదీకి దొరికే అంకెలు వేసి చూసుకోండి.)

గణితం ఇంతవరకే చెబుతుంది. కాని సగటు అనేది డబ్బున్నవాళ్ళ లెక్క. ఏడాదికి యాభైసార్లు ఎగిరేవాడికి ఒకసారి విమానం తప్పితే మిగతావాటిలో సర్దుకుపోతుంది. ఒక్కసారే వెళ్ళేవాడికి సగటు లేదు. తప్పితే ఇరవై వేలూ పోతాయి, లేకపోతే ఏమీ పోదు. జిల్లా సగటు వర్షపాతం ఎంత బాగున్నా మన చేను మీద పడకపోతే పంట ఎండుతుంది కదా.

మా పెదనాన్నగారి అబ్బాయి 2023 సెప్టెంబరులో వైద్యవిద్య రెండో సంవత్సరానికి వెళుతున్నాడు. పట్నంలో ఒక ఏజెంటు ఒకే కాగితం మీద రెండు ప్రయాణాలూ అచ్చువేసి ఇచ్చాడు. చూస్తే ఒకే టికెట్టులా ఉంది. మొదటి విమానం మూడు గంటలు ఆలస్యం. మజిలీలో దిగేసరికి రెండోది వెళ్ళిపోయింది. అడిగితే, "మీరు రాలేదు గనుక టికెట్టు చెల్లదు" అన్నారు. మొదటి కంపెనీవారు "మా ఊరిదాకా చేర్చాం" అన్నారు. ఇద్దరూ చట్టప్రకారం నిజమే చెప్పారు. రాత్రికి రాత్రి ఫోను చేస్తే, పెదనాన్న రెండో పంట ఎరువులకి దాచిన 27,000 పంపాడు. ఆ ఏడు రెండో మడికి అరకొర ఎరువే పడింది.

కాగితం చూసి పోల్చుకోవడం కష్టం కాదు. ఒకే టికెట్టు అయితే రెండు ప్రయాణాలకీ పదమూడంకెల టికెట్టు నంబరు ఒకటే ఉంటుంది. అలాంటప్పుడు మజిలీలో ఆలస్యమైతే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత కంపెనీదే. హైదరాబాదులో పెట్టె అప్పగించేటప్పుడు దానికి కట్టే చీటీ మీద చివరి ఊరు సి.ఎ.ఎన్. అని ఉండాలి. అది బాంకాక్ సంకేతమైతే అక్కడ పెట్టె తీసుకోవాలి, అంటే ఆ దేశంలోకి ప్రవేశించాలి. అందుకు వీసా కావాలో అక్కర్లేదో ముందే చూసుకోవాలి. సింగపూర్‌లో మనవాళ్ళకి మామూలుగా వీసా కావాలి. బాంకాక్‌లో విమానాశ్రయాలు రెండు, నగరానికి ఒకటి ఉత్తరాన, ఒకటి తూర్పున. ఒకదానిలో దిగి రెండోదానిలో ఎక్కవలసిన టికెట్లు కూడా ఏజెంట్లు అంటగడతారు.

సామాను

పచ్చళ్ళు పెద్ద పెట్టెలోనే పెట్టాలి. చేతిసంచిలో ఉంటే తనిఖీలో తీసేస్తారు. పవర్ బ్యాంకు దీనికి ఎదురు, చేతిసంచిలోనే ఉండాలి. గ్వాంగ్‌ఝౌ నుంచి మరో చైనా నగరానికి లోపలి విమానంలో వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాలి: 2025 జూన్ 28 నుంచి అక్కడి '3సి' గుర్తు లేని పవర్ బ్యాంకుల్ని ఆ విమానాల్లో ఎక్కనివ్వడం లేదు. పళ్ళు, కూరగాయలు, మాంసం, పాల పదార్థాలు, విత్తనాలు చైనాలోకి తీసుకుపోకూడదు. గోంగూర, మునగ గింజలు హాస్టలు వెనక నాటుకుందామని మూటకట్టే మనవాళ్ళకి ఇది ముఖ్యం.

చైనా అంతటికీ గడియారం ఒకటే, మనకన్నా రెండున్నర గంటలు ముందు. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి మెట్రో రైలు ఉంది, ఖర్చు స్వల్పం. అర్ధరాత్రి దిగే విమానమైతే అది అందదు. ఆ టాక్సీ డబ్బు కూడా టికెట్టు ధరలో కలుపుకునే ఏది చవకో తేల్చుకోవాలి.