పొగలో మగ్గే మాంసం: ఆగిపోయిన థర్మామీటరు కథ

అన్నం ఉడకడానికి అరగంట చాలు. కందిపప్పుకు మరికొంచెం ఎక్కువ పడుతుంది. కాని ఒక మాంసపు ముక్కను పొద్దున్నే పొయ్యి మీదికి ఎక్కిస్తే రాత్రి భోజనం వేళకు గాని దించరంటే నమ్ముతారా?

అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగంలో పంది భుజం మాంసాన్ని ఇలాగే వండుతారు. నీళ్ళు పోయరు. నూనె వేయరు. మంట తగలనివ్వరు. ఉప్పు పట్టించిన మూడు నాలుగు కిలోల ముక్కను మూత ఉన్న పొయ్యిలో, వేడి పొగ మధ్య పది పన్నెండు గంటలు ఉంచుతారు. చివరికి అది చేత్తో పట్టుకుంటే పీచులు పీచులుగా విడిపోయేంత మెత్తనవుతుంది.

మీలో మాంసం తినేవారూ ఉంటారు, తిననివారూ ఉంటారు. ఎవరైనా సరే, ఈ వంటను గురించి తెలుసుకోవచ్చు. ఎందుకంటే మీరు బడిలో చదువుకునే భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ ఈ ఒక్క పొయ్యిలో కలుస్తాయి.

ఈ వంట ఎక్కడిది?

కరీబియన్ దీవుల ఆదివాసులైన టైనో ప్రజలు కర్రలతో పందిరిలాంటి చట్రం కట్టి, దానిపై చేపలనూ మాంసాన్నీ ఉంచి, కింద నిప్పు రాజేసేవారు. ఆ చట్రం పేరును స్పెయిన్ వారు 'బార్బకోవా' అన్నారు. ఇంగ్లీషులోని 'బార్బెక్యూ' అనే మాట దాని నుంచే వచ్చింది. అయితే అప్పట్లో అక్కడ మన పెంపుడు పందుల వంటివి లేవు. కొలంబస్ 1493లో తన రెండో ప్రయాణంలో వాటిని ఆ దీవులకు తీసుకువెళ్ళాడు. 1539లో డి సోటో అనే స్పెయిన్ నాయకుడు ఫ్లోరిడాలో దిగినప్పుడు పందులనూ వెంట తెచ్చాడు. అక్కడివారి పద్ధతీ, ఐరోపా వారి పందీ అలా కలిశాయి. ఉత్తర కరొలీనా రాష్ట్రంలోని లెక్సింగ్టన్ పట్టణం ఈ భుజం మాంసానికి పెట్టింది పేరు. ఈ వంట పేరిట అక్కడ 1984లో ఒక ఉత్సవమే మొదలైంది.

భుజమే ఎందుకు?

పంది రోజంతా నేలను తవ్వుతూ తిరుగుతుంది. దాని బరువును మోసే భుజపు కండరాలకు ఎప్పుడూ పనే. ఎక్కువ పనిచేసే కండరాలను పట్టి ఉంచడానికి బలమైన సంయోజక కణజాలం కావాలి. అందులో ముఖ్యమైన ప్రోటీను పేరు కొల్లాజెన్. గ్రీకు భాషలో 'కొల్లా' అంటే జిగురు. మూడు పేటలు కలిపి పేనిన తాడులా ఉంటుంది దీని అణువు. అందుకే అది అంత గట్టిది. ఆ ముక్కను గబగబా కాల్చి తింటే తోలు నమిలినట్లే ఉంటుంది.

ఈ తాడు పురి విప్పాలంటే రెండు కావాలి: వేడీ, ఓపికా. సుమారు 70 డిగ్రీల సెంటీగ్రేడు దాటి గంటల తరబడి ఉంచితే కొల్లాజెన్ పేటలు విడిపోయి జెలటిన్‌గా మారతాయి. మేక కాళ్ళ పులుసు చల్లారాక తుణుకులు తుణుకులుగా గడ్డకట్టడం చూశారా? అదే జెలటిన్. మాంసం లోపలి భాగం 90 నుంచి 95 డిగ్రీలకు చేరేసరికి ఈ మార్పు బాగా జరిగి, ముక్క మెత్తబడుతుంది.

మరి మంట పెంచి త్వరగా చేయకూడదా? మాంసం వేడిని మెల్లగా ప్రసరింపజేస్తుంది. పైభాగం నుంచి మధ్యకు వేడి చేరే కాలం మందం వర్గాన్ని అనుసరిస్తుంది. మందం రెండింతలైతే కాలం సుమారు నాలుగింతలవుతుందన్నమాట. మంట పెంచితే పైన బొగ్గవుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. అందుకే పొయ్యిలోని గాలి 110 నుంచి 120 డిగ్రీలు దాటకుండా చూస్తారు.

ఇళ్ళలో ఇందుకు వాడే గుండ్రటి మూత పొయ్యిని 1952లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో జార్జి స్టీఫెన్ తయారుచేశాడు. నీటిలో తేలే లోహపు బోయాను అడ్డంగా కోస్తే వచ్చిన రూపమది. బొగ్గులు ఒక పక్కన, మాంసం రెండో పక్కన ఉంటాయి. కింద రంధ్రం నుంచి గాలి వస్తుంది, పై రంధ్రం గుండా పొగ పోతుంది. రంధ్రాలను మూస్తే ఆక్సిజన్ తగ్గి నిప్పు మందగిస్తుంది. తెరిస్తే రాజుకుంటుంది.

పొగలో ఏముంది?

బొగ్గుల మీద హికరీ, ఓక్, యాపిల్ వంటి గట్టి కలప చెక్కలు వేస్తారు. దేవదారు జాతి కలపలో జిగురు ఎక్కువ కాబట్టి మసి, చేదు వస్తాయని వాడరు. కలపలో సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే మూడు ముఖ్య పదార్థాలు ఉంటాయి. వేడికి ఇవి చిన్న చిన్న అణువులుగా విరిగిపోతాయి. మొదటి రెండింటి నుంచి ఎసిటిక్ ఆమ్లం, ఫార్మాల్డిహైడ్ వంటివి వస్తాయి. లిగ్నిన్ నుంచి ఫినాల్ జాతి పదార్థాలు వస్తాయి. 'పొగ వాసన' అని మనం అనేది ముఖ్యంగా వీటినే.

వంటవారు దట్టమైన తెల్లటి పొగను ఇష్టపడరు. పలచగా, కాస్త నీలంగా కనిపించే పొగ కావాలంటారు. ఇది ఉత్త నమ్మకం కాదు. నిప్పు సరిగా మండుతున్నప్పుడు పొగ కణాలు కాంతి తరంగం పొడవుకన్నా చిన్నవిగా ఉంటాయి. అవి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా కనిపించడానికీ ఇటువంటిదే కారణం. గాలి చాలనప్పుడు పెద్ద తుంపరలు ఏర్పడి అన్ని రంగులనూ చెదరగొడతాయి. అప్పుడు పొగ తెల్లగా కనిపిస్తుంది, మాంసం చేదవుతుంది.

పొగ మాంసానికి ఎలా అంటుకుంటుంది? ఆముదపు దీపం మీద చల్లని పళ్ళెం బోర్లించి కాటుక పట్టడం మీ ఇళ్ళలో ఎప్పుడైనా చూశారా? పొగ కణానికి వేడి వైపున ఉన్న గాలి అణువులు గట్టిగా, చల్లని వైపున ఉన్నవి మెల్లగా ఢీకొంటాయి. దాంతో కణం చల్లని తలం వైపు నెట్టబడుతుంది. తడి ఉన్న తలానికి పొగ మరింత బాగా పడుతుంది. కాబట్టి మాంసం చల్లగా, తడిగా ఉన్న మొదటి గంటల్లోనే పొగ ఎక్కువగా పట్టుకుంటుంది.

థర్మామీటరు ఆగిపోయింది!

ఇప్పుడు అసలు కథకు వద్దాం. మాంసం మధ్యలో థర్మామీటరు గుచ్చి గమనిస్తుంటే మొదటి కొన్ని గంటలూ పాదరసం ఎక్కినట్లు అంకెలు ఎక్కుతూనే ఉంటాయి. 30, 40, 50, 60. దాదాపు 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఎక్కడో ఒక చోట ఆగిపోతాయి. బొగ్గులు మండుతూనే ఉంటాయి. పొయ్యిలోని గాలి 110 డిగ్రీల మీదే ఉంటుంది. అయినా రెండు గంటలు, మూడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు అంకె కదలదు! అనుభవం లేనివారు కంగారుపడి మంట పెంచి మాంసాన్ని పాడుచేసుకుంటారు.

ఇంతకీ ఆ వేడి అంతా ఎటుపోతోంది? మూడు సమాధానాలు వినవచ్చాయి. కొల్లాజెన్ కరగడానికి వేడి ఖర్చవుతోందని కొందరన్నారు. క్రొవ్వు కరగడానికని మరికొందరన్నారు. నీరు ఆవిరవడానికని ఇంకొందరన్నారు. వినడానికి మూడూ బాగానే ఉన్నాయి. ఏది నిజమో తేల్చేది వాదన కాదు, ప్రయోగం.

2010 దశకం మొదట్లో గ్రెగ్ బ్లాండర్ అనే అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఈ పని చేశాడు. ఒక తడి స్పాంజినీ, ఒక క్రొవ్వు ముద్దనూ వేడిచేసి వాటి ఉష్ణోగ్రతలు గమనించాడు. స్పాంజిలో కొల్లాజెన్ లేదు, క్రొవ్వూ లేదు. ఉన్నది నీరే. అయినా స్పాంజి ఉష్ణోగ్రత మాంసంలాగే మధ్యలో ఆగిపోయింది. క్రొవ్వు ముద్ద మాత్రం ఎక్కడా ఆగకుండా వేడెక్కుతూ పోయింది. దొంగ దొరికాడు: బాష్పీభవనం!

లెక్క కట్టి చూద్దాం. 4 కిలోల మాంసాన్ని 5 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు వేడిచేయాలి. ఒక కిలో మాంసాన్ని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 0.8 కిలోకేలరీలు కావాలి. 4 × 90 × 0.8 = 288 కిలోకేలరీలు. ఈలోగా ఒక కిలో నీరు ఆవిరైందనుకుందాం. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 540 కేలరీలు అవసరం. కిలోకు 540 కిలోకేలరీలు. చూశారా? మాంసాన్ని వేడిచేయడానికి పట్టినదానికన్నా నీటిని ఆవిరిచేయడానికి పట్టిన వేడి దాదాపు రెండింతలు!

ఎండాకాలంలో మట్టికుండలోని నీరు చల్లబడటానికీ ఇదే కారణం. కుండ చెమరుస్తుంది, చెమ్మ ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. పొయ్యి ఇచ్చే వేడీ, ఆవిరి మోసుకుపోయే వేడీ సమానమైనంతసేపు మాంసం ఉష్ణోగ్రత నిలిచిపోతుంది. పైభాగం తగినంత ఆరాక మళ్ళీ ఎక్కడం మొదలుపెడుతుంది. ఆగలేనివారు ముక్కను అల్యూమినియం రేకులో చుట్టేస్తారు. ఆవిరికి దారి ఉండదు కాబట్టి అంకె మళ్ళీ కదులుతుంది. అయితే పైన ఏర్పడిన కరకరలాడే ముదురు రంగు పొర మెత్తబడుతుంది. ఆ రంగు చక్కెరలూ ప్రోటీన్ల అంశాలూ వేడికి కలవడం వల్ల వచ్చింది. 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ వివరించిన చర్య అది. మన దోసె ఎర్రగా కాలడం కూడా అదే.

ముక్కను కోస్తే అంచున గులాబీ రంగు పట్టీ కనిపిస్తుంది. చాలామంది పచ్చిగా ఉందని భయపడతారు. నిప్పు నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు తడి తలంలో కరిగి, కండరానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగును నిలుపుతుంది. కాబట్టి ఉడికిందీ లేనిదీ రంగు చెప్పదు. థర్మామీటరే చెప్పాలి.

పొగ కాపాడుతుందా?

ఉప్పు, పొగ, ఎండబెట్టడం. మాంసాన్నీ చేపలనూ నిలవచేయడానికి మనిషి వేల ఏళ్ళుగా నమ్ముకున్న పద్ధతులివి. పొగలోని ఆమ్లాలు, ఫినాళ్ళు సూక్ష్మజీవులను కొంతవరకు అణచివేస్తాయి. కాని 'కొంతవరకు' అన్న మాటను మరచిపోకూడదు.

1895 డిసెంబరులో బెల్జియం దేశంలోని ఎల్లెజెల్ గ్రామంలో ఒక అంత్యక్రియలకు వాయిద్యకారుల బృందం వచ్చింది. భోజనంలో వారికి ఉప్పులో ఊరవేసి పొగ పెట్టిన పంది తొడ మాంసం వడ్డించారు. అది ఉడికించినది కాదు. తిన్నవారికి చూపు మసకబారింది, మింగడం కష్టమైంది, కండరాలు పట్టు తప్పాయి. ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాంసాన్ని పరీక్షించి అందులో ఒక బాక్టీరియాను పట్టుకున్నాడు. గాలి తగలని చోటే పెరిగే ఆ జీవి భయంకరమైన విషాన్ని తయారుచేస్తుంది. దానివల్ల వచ్చే జబ్బు బాట్యులిజం. లాటిన్‌లో 'బాట్యులస్' అంటే మాంసం కూరిన పేగు. అటువంటి తిండి వల్లే ఈ జబ్బు తొలుత తెలిసింది.

దీని నుంచి నేర్చుకోవలసిందేమిటి? పొగ పట్టడం వేరు, ఉడకడం వేరు. బాక్టీరియాలు 4 నుంచి 60 డిగ్రీల మధ్య వేగంగా పెరుగుతాయి. మాంసం ఈ మేరను త్వరగా దాటాలి. పంది మాంసం సరిగా ఉడకకపోతే బద్దెపురుగు, ట్రైకినెల్లా వంటి పరాన్నజీవులు మన శరీరంలో చేరతాయి. మిగిలిన మాంసాన్ని బయట ఉంచకుండా వెంటనే చల్లని పెట్టెలో పెట్టాలి.

మరో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది కంటికి కనపడనిది. బొగ్గులు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి ఇటువంటి పొయ్యిని ఆరుబయటే పెట్టాలి. చలికాలం తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పక్కన పడుకోవడం కూడా ఇంతే ప్రమాదం. ఈ విషయం మీ ఇంట్లో వాళ్ళకు తప్పక చెప్పండి.

రెండోది పొగలోనే ఉంది. క్రొవ్వు నిప్పుల మీద పడి కాలితే బెంజోపైరీన్ వంటి కాన్సరు కారకాలు పుడతాయి. పొగ పెట్టిన, ఉప్పులో ఊరవేసిన మాంసాలు ఎక్కువగా తినడం పెద్దపేగు కాన్సరుకు దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగం 2015లో ప్రకటించింది. అంటే ఇది పండుగనాటి తిండే గాని రోజువారీ తిండి కాదు.

మీరే చేసి చూడండి

ప్రయోగశాలలో వాడే రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టండి. రెండింటినీ ఫ్యాను గాలిలో ఉంచి, పది నిమిషాలకు అంకెలు రాసుకోండి. తరువాత తడిగుడ్డ మీద పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని బిగించి చుట్టి, మళ్ళీ పది నిమిషాలకు చూడండి.

ఇప్పుడు ఈ ప్రశ్నలకు జవాబులు ఆలోచించండి:

1. తడిగుడ్డ ఉన్న థర్మామీటరు తక్కువ ఎందుకు చూపింది? ప్లాస్టిక్ చుట్టాక ఏం జరిగింది? మాంసం చుట్టూ రేకు చుట్టడంతో దీన్ని పోల్చండి.

2. ఇదే ప్రయోగం మే నెలలో ఒకసారి, వానపడే రోజున ఒకసారి చేస్తే తేడా ఎప్పుడు ఎక్కువగా ఉంటుంది?

3. పొయ్యిలో నీళ్ళ గిన్నె పెట్టి గాలిలో తేమ పెంచితే మాంసం ఉష్ణోగ్రత ఇంకాస్త పై అంకె దగ్గర ఆగుతుందా, కింది అంకె దగ్గర ఆగుతుందా? ఎందుకు?

మూడో ప్రశ్నకు జవాబు మీ ప్రయోగంలోనే దాగి ఉంది. పుస్తకం తెరవకుండా దాన్ని పట్టుకోగలరేమో చూడండి.